ఐగుప్తు కమ్మల లెక్క

మా ఇంట్లో రెండు సంఘాలు. నేను పుట్టి పెరిగింది సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో. తాళి, గాజులు, కమ్మలు అన్నీ మామూలే. అత్తగారిది పెంతెకొస్తు. బాప్తిస్మం తీసుకున్నాక ఒంటి మీద గ్రాము బంగారం లేకుండా తీసేశారు. పైగా నేను చేసేది బ్యాంకులో, గోల్డ్ లోన్ సీట్లో. అందుకని చుట్టాలింట్లో "విశ్వాసులు బంగారం పెట్టుకోవచ్చా, కూడదా" అన్న పంచాయితీ మొదలైతే అందరూ నా మొహమే చూస్తారు.

ఆ పంచాయితీలో ఎప్పుడూ అవే రెండు వచనాలు. మొదటి తిమోతి 2:9, మొదటి పేతురు 3:3. ఆడవాళ్ళ సింగారం నగల్లో ఉండకూడదని రెండూ చెబుతాయి. రెండు చోట్లా బంగారంతో పాటు జడల మాట కూడా ఉంది. జడ మానేసిన అక్కయ్యలెవరూ ఇంతవరకు నాకు కనబడలేదు. అది వదిలేద్దాం. నాకు నచ్చే బంగారమంతా పాత నిబంధనలో ఉంది. అదీ తూకంతో సహా.

యజమాని కొడుక్కి పిల్లని వెతకడానికొచ్చిన అబ్రాహాము సేవకుడు బావి దగ్గర రిబ్కాకి ఇచ్చిన ముక్కు కమ్మి అర షెకెలు (అప్పటి తూకం). యూదయ తవ్వకాల్లో దొరికిన తూనికరాళ్ళను బట్టి షెకెలు సుమారు 11.4 గ్రాములు. అంటే కమ్మి ఆరు గ్రాముల లోపు. కడియాల జత పది షెకెలులు, దాదాపు 114 గ్రాములు. మన లెక్కలో పధ్నాలుగు కాసులు! ఒంటెలకి నీళ్ళు తోడినందుకు. ఆమె అన్న లాబాను ముందు దేన్ని చూశాడో ఆదికాండం 24:30 దాచిపెట్టకుండా చెబుతుంది. తోబుట్టువు ఒంటి మీది నగలు చూశాకే ఆ కొత్త మనిషిని "యెహోవా ఆశీర్వదించినవాడా, లోపలికి రా" అని పిలిచాడు. అలాంటి చూపులు మా కౌంటర్ దగ్గర రోజూ తగులుతుంటాయి.

అసలు కథ నిర్గమకాండంలోది. ఐగుప్తు (ఈజిప్టు) వదిలేటప్పుడు ఇశ్రాయేలీయులు అక్కడివాళ్ళని అడిగి వెండి బంగారాలు తీసుకున్నారు. తరాల తరబడి చేయించుకున్న వెట్టికి అది రావలసిన జీతమేనని తాల్ముదులో, అంటే యూదు రబ్బీల చర్చల గ్రంథంలో, ఒక వాదన. సీనాయి కొండ దగ్గరికొచ్చాక, పైకెళ్ళిన వాళ్ళ నాయకుడు మోషే కొండ దిగడం ఆలస్యమైంది. జనం కంగారుపడ్డారు. మోషే అన్న అహరోను కమ్మలు తెమ్మన్నాడు, మొక్కడానికి బంగారు దూడ తయారైంది. ఆడవాళ్ళు మేం ఇవ్వం అని మొండికేస్తే మగవాళ్ళు తమ చెవులవే తీసిచ్చారని యూదుల పాత వ్యాఖ్యానం ఒకటుంది. దానికి బహుమానంగానే ప్రతి నెలా అమావాస్య తర్వాతి నెలపొడుపు రోజు ఆడవాళ్ళకి పనిలో సెలవు దొరికిందట. మోషే నిలదీస్తే అహరోను చెప్పిన సంజాయిషీ మాత్రం నాకెప్పుడూ నవ్వే. "అగ్నిలో వేశాను, ఈ దూడ బయటికొచ్చింది." తానే పోగర (చెక్కే పనిముట్టు)తో రూపం దిద్దిన సంగతి ఇరవై వచనాల ముందే రాసుంది.

మోషే దాన్ని కాల్చి, పొడి చేసి, నీళ్ళలో కలిపి తాగించాడు. బంగారం కరుగుతుంది గానీ కాలదు కదా? మా బ్యాంకు అప్రైజర్ ఆచారి గారిని అడిగాను. ఎవరిదో గొలుసు గీటురాయి మీద గీస్తూ తలెత్తకుండానే అన్నారు, "లోపల చెక్క, పైన రేకు అయ్యుంటుందమ్మా. చెక్క కాలిపోతే రేకుని నలగ్గొట్టొచ్చు. ముద్ద బంగారమైతే ఆకురాయి పట్టాల్సిందే." బైబిలు వ్యాఖ్యాతలు కొందరు చెప్పేదీ ఇదే. ఆయన బైబిలు ముట్టుకున్న మనిషి కాదు.

ఆ తర్వాత హోరేబు (సీనాయికే ఇంకో పేరు) దగ్గర జనం నగలు తీసేశారు. రెండు అధ్యాయాలు తిరిగేసరికి అదే జనం దేవుని ఆరాధన గుడారం కోసం పోగులు, ఉంగరాలు తెచ్చి పోశారు. ఇక చాలు, తేవద్దు అని మోషే చాటింపు వేయించాడు. మొత్తం 29 తలాంతుల 730 షెకెలులు. తలాంతుకి 3,000 షెకెలుల చొప్పున లెక్క కడితే వెయ్యి కిలోల దాకా వస్తుంది. దీపవృక్షానికీ దాని సామగ్రికీ కలిపి ఒక తలాంతు, 34 కిలోలు. ప్రధాన యాజకుడు పైన వేసుకునే ఎఫోదు కోసం బంగారాన్ని రేకు కొట్టి, తీగలుగా కత్తిరించి, నీలం ఊదా నూలుతో కలిపి నేశారు. జరీ అన్నమాట. దూడకడిగినా ఇస్తారు, గుడారానికడిగినా ఇస్తారు, ఈ జనం తీరు అంతుపట్టదని యెరూషలేము తాల్ముదులో ఒక రబ్బీ వాపోయాడు.

ఇన్ని బంగారు గంటలు, నుదుటి మీద బంగారు రేకు పెట్టుకునే ప్రధాన యాజకుడు ఏడాదికోసారి పాపక్షమాపణ అడిగే ప్రాయశ్చిత్త దినాన అతిపరిశుద్ధ స్థలంలోకి, అంటే గుడారం లోపలి గదిలోకి, వెళ్ళేటప్పుడు అవన్నీ విప్పేస్తాడు. ఉత్త నారబట్టలే. లేవీయకాండం 16లో కారణం లేదు. కారణం తాల్ముదులో ఉంది. నేరం మోపినవాడే వకీలుగా నిలబడకూడదు. దూడని గుర్తు చేసే బంగారం వేసుకుని క్షమాపణ అడగడానికి ఎలా వెళ్తాడు? మరి లోపల మందసానికి (ఆజ్ఞల పలకలున్న పెట్టె) తొడిగిందీ బంగారమేగా, దాని మూత కరుణాపీఠమూ బంగారమేగా అని అడ్డు ప్రశ్న వాళ్ళే వేసుకున్నారు. జవాబు కూడా వాళ్ళదే. అక్కడ ఉండకూడదని కాదు, తప్పు చేసినవాడు దాంతో సింగారించుకుని రాకూడదని. ఈ నాలుగు మాటల్లో ఉన్న వివేకం మా పంచాయితీలో ఏ పక్షం దగ్గరా నేను వినలేదు. పెట్టుకోవడం, తీసేయడం కాదు, ఏ వేళకి అన్నది వాళ్ళ లెక్క.

ఇదంతా అత్తగారికి చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నారు.

"మరి నేను చేసిందీ అదేగా?"

"కాదత్తయ్య గారూ, ఆ యాజకుడు బయటికొచ్చి స్నానం చేసి మళ్ళీ బంగారు బట్టలు వేసుకునేవాడు. ఆ రోజు అయిదుసార్లు స్నానం చేసి మారుస్తాడు."

"ఆయనకి ఏడాదికొక రోజు. నాకు రోజూ సరిపోవడంలా" అన్నారు. చేతులు కొంగుకి తుడుచుకుని బైబిలు అందుకుని యాకోబు 2:2 తీసి నా ముందు పెట్టారు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు సమాజమందిరానికి వస్తే మంచి చోటు చూపించడం, పేదవాణ్ణి నిలబెట్టడం అక్కడుంది.

"ఇది చదువు. మీ గుళ్ళో ముందు బెంచీ ఎవరిది?"

మా ముందు బెంచీ ఓ కాంట్రాక్టరు గారిది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. నేను చిక్కుడుకాయల పళ్ళెం ఇటు లాక్కున్నాను.