ఒక రూపాయి తొంభై పైసలు

ఈ మధ్యాహ్నం మా బావగారు పెరుగన్నం కలుపుకోకుండానే చెయ్యి కడుక్కున్నారు. ఆయన సంగతి తెలిసినవారికి ఇంతకు మించి చెప్పనక్కరలేదు. మా అక్క కాపురానికి వెళ్ళిన నాటి నుంచి నేటి దాకా, ఎంత కోపంలో ఉన్నా ఆయన మజ్జిగచుక్క పడకుండా భోజనం ముగించిన సందర్భం నాకు గుర్తు లేదు. రాత్రి పదకొండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు, నాకు మాత్రం గిన్నెలో మీగడ చెదరకుండా మిగిలిపోయిన ఆ గడ్డపెరుగే కళ్ళముందు మెదులుతోంది.

తగువు బియ్యం దగ్గర వచ్చింది. మా ఇంటికి పనికి వచ్చే ఆమె నిన్న ఒక స్టీలు డబ్బా నిండా రేషను సన్నబియ్యం తెచ్చి, "ఒక్కసారి వండి చూడమ్మా, దొడ్డు బియ్యమప్పుడు ఇడ్లీ బండాయనకు అమ్ముకునేటోళ్ళం, ఇప్పుడు మేమే తింటున్నం" అని పెట్టి వెళ్ళింది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో తెలంగాణ ప్రభుత్వపు ఈ పంపిణీ మొదలైనప్పుడు నాలుగు నెలల ముచ్చటే అనుకున్నాను కనుక, కొంత పరీక్షగానూ, కొంత ఆమె మీది అభిమానంతోనూ ఈ రోజు అవే వండాను. బావగారు మారు వడ్డించుకుంటూ "ఏ కొట్లో తెస్తున్నారమ్మాయ్, మెతుకు విడివిడిగా ఉంది" అన్నారు. నేను నిజం చెప్పాను. చెప్పకపోతే సరిపోయేది.

మనిషికి ఇచ్చే 6 కిలోలలో 5 కిలోలు ఆహార భద్రతా చట్టం కింద కేంద్రం ఇస్తున్నవేనని మా చిన్నవాడు మొదలుపెట్టాడు. 2022 సెప్టెంబరులో నిర్మలా సీతారామన్ కామారెడ్డి జిల్లాలో ఒక రేషను దుకాణం ముందు కలెక్టరును నిలబెట్టి, కిలోకు కేంద్రం భరించేదెంతో చెప్పమనీ, ప్రధాని బొమ్మ ఎందుకు పెట్టలేదనీ అడిగిన సంగతి కూడా వాడే ఎత్తాడు. ఆ వెంటనే టీఆర్‌ఎస్ వారు గ్యాసు బండల మీద ప్రధాని బొమ్మను 1,105 రూపాయల ధరతో సహా అంటించిన వైనం చెప్పి మా ఆయన నవ్వారు. ఆరో కిలోనూ, సన్నవడ్లకు క్వింటాలుకు ఇచ్చే 500 రూపాయల బోనసునూ రాష్ట్రం ఖాతాలో వేయాలన్నారు, 2015లోనే హాస్టళ్ళకు సన్నబియ్యం పెట్టిన ప్రభుత్వాన్ని మరిచిపోతే ఎలాగన్నారు. ఒక్క డబ్బా బియ్యానికి ఇంతమంది సొంతదారులు తేలేసరికి నాకూ నవ్వు వచ్చింది. అప్పుడు బావగారు కంచంలోంచి తల ఎత్తకుండా, "వీళ్ళంతా అన్నగారి తరువాత పుట్టినవాళ్ళే, పేదవాడి నోట్లోకి వరి అన్నం పెట్టినవాడు ఆయనొక్కడే" అన్నారు.

నేను ఊరుకోవలసింది. కాని మా నాయన పోయి ఏడేళ్ళయినా ఆయన వాదాలు నా నోట్లో అలాగే ఉన్నాయి. "రామారావుగారు కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వకముందే మా కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండి రూపాయి తొంభైకి ఇచ్చాడు కదా బావగారూ, పది పైసలు తక్కువకే" అన్నాను. బావగారు కొంచెంసేపు నా వైపు చూసి, "అన్నగారే రాకపోతే మీ కర్నూలు వాళ్ళకు ఇప్పటికీ జొన్న సంగటే గతి" అన్నారు. దానికి నేను అన్న మాట రాయడానికి సిగ్గుగా ఉంది కాని రాయక తప్పదు. "జొన్న సంగటి తిన్నవాళ్ళకు షుగరు రాలేదు బావగారూ" అన్నాను. ఆయన రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటారు.

అయినా ఆ 'గతి' అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఒక నాయకుడు మంచిపని చేశాడంటే కాదనేవాళ్ళం కాము. ఆ మంచిపనిని ఒక తరం మెడకు కట్టి, నలభై ఏళ్ళ తరువాత కూడా భోజనాల దగ్గర వడ్డీ వసూలు చేయడమే నాకు సహించదు. పన్ను కట్టినవాడు ఎవరో, పండించినవాడు ఎవరో, మిల్లుల నుంచి లెవీ కింద బియ్యం సేకరించి గోదాముల్లో నింపిన భారత ఆహార సంస్థ ఎవరు పెట్టినదో ఒక్కరూ అడగరు. ఆ సంస్థ 1965 నుంచి ఉన్నది. తక్కువ ధర బియ్యంతో ఓట్లడగడం కూడా మన దగ్గర పుట్టిన విద్య కాదు, 1967లో తమిళనాడులో డీఎంకే రూపాయికి మూడు పడుల (పడి అక్కడి కొలత) బియ్యమని చెప్పే గెలిచింది, గెలిచాక మద్రాసు, కోయంబత్తూరులలో రూపాయికి ఒక పడి మాత్రం ఇవ్వగలిగింది. బావగారికి ఇవన్నీ తెలియవని కాదు, తెలిసినా అక్కరలేదు. ఆయన దృష్టిలో మేము ఆయన నాయకుడు పెట్టిన తిండి తిని పెరిగినవాళ్ళం, అంతే. కృష్ణా కాలువల కింద మూడు తరాలుగా వరి తిన్న ఇంటివారు పత్తికొండ వైపు మెట్టపొలాలవాళ్ళను 'గతి' అంటే ఎంత బాధగా ఉంటుందో వారికి ఎవరు చెప్పాలి?

పోనీ, మా తిండి ఏమిటో చెబుతాను. మా చిన్నప్పుడు పొద్దున జొన్నరొట్టె, రాత్రి జొన్న సంగటి, మధ్యలో ఆకలైతే పొద్దుటి రొట్టెకే ఊరిబిండి పచ్చడి రాసుకుని తినడం. వరి అన్నం ఉగాదికీ, సంక్రాంతికీ, బంధువులొచ్చిన నాడూ, జ్వరం తగిలినవాళ్ళకూ మాత్రమే. కె.సి. కాలువ కింది ఊళ్ళ నుంచి కర్నూలు బియ్యం ఎక్కడెక్కడికో వెళ్ళేవి కాని మా పొలాల్లో నీళ్ళు లేవు కనుక మా పొయ్యి మీద బియ్యమూ లేవు. ఒంట్లో బాగాలేదని అబద్ధమాడి అన్నం తిన్న రోజులు నాకున్నాయి.

అందుకే 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చిన రోజు నాకు ఇంత వివరంగా గుర్తుంది. ఏడాదికి 6,000 రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు మనిషికి 5 కిలోల లెక్కన, ఇంటికి 25 కిలోలు మించకుండా ఇచ్చేవారు. నాయన కోట్ల మనిషి. లద్దగిరి పెద్దాయన కోట్లను అంతమంది కలిసి ఓడించారన్న కోపం అప్పటికి ఇంకా పచ్చిగా ఉంది. స్టోరు ముందు వరుసలో నిలబడితే ఆ నాటకాల రాయుడికి దండం పెట్టినట్టవుతుందని, కార్డూ డబ్బులూ మా జేజి, అంటే నాయనమ్మ చేతిలో పెట్టి, తోడుకు నన్ను పంపాడు. స్టోరంటే డీలరు ఇంటి అరుగే. అరుగు మీద బియ్యం కుప్ప, దాని పక్కన తక్కెడ, తక్కెడకు ఒక పక్క చింతపండు ముద్ద అంటించి ఉండేది, అది ఎందుకో తెలుసుకునే వయసు నాది కాదు. జేజి బొటనవేలికి సిరా పూసి పుస్తకంలో అద్దించారు. ఆ సిరా వేలిని ఆమె ఆ పూటంతా కొంగుకు తగలకుండా పైకెత్తి పట్టుకునే తిరిగింది.

ఇంటికి తెచ్చి చేటలో పోస్తే సగం గంట రాళ్ళు ఏరడానికే సరిపోయింది. ముక్కవాసన, మధ్యమధ్య పురుగులు, ఊకముక్కలు. ఎసట్లో పోశాక కూడా ఆ వాసన పోలేదు, అయినా ఆ వాసనకే ఇంట్లో పిల్లలమందరం పొయ్యి చుట్టూ చేరాం. పక్కింటి ముసలాయన గుమ్మంలో నిలబడి "రామారావు బియ్యమేనా?" అని అడిగితే, జేజి చేట మీంచి తల ఎత్తకుండా, "ఎవురిచ్చినా రాళ్ళు మనమే ఏరుకోవల్ల గదప్పా" అంది.

నాయన ఆ రాత్రి జొన్నరొట్టే కావాలన్నాడు. మర్నాడూ అంతే. నాలుగో రోజో ఐదో రోజో సరిగా గుర్తు లేదు, అర్ధరాత్రి దాహమై లేచేసరికి చీకట్లో పొయ్యి దగ్గర కూర్చుని చల్లారిన అన్నంలో మజ్జిగ పోసుకుని తింటున్నాడు. నన్ను చూసి ఏమీ అనలేదు, నేనూ అనలేదు. ఆ తరువాత కూడా మా ఇంట్లో ఆ బియ్యాన్ని ఆయన ముందు ఎవరూ ఎన్టీఆర్ బియ్యమనలేదు, 'స్టోరు బియ్యం' అనే అన్నాం.

ఇక్కడిదాకా రాసి చదువుకుంటే, బావగారి మీద రాయడానికి కూర్చున్నదాన్ని బావగారి పక్షానికే సాక్ష్యం చెబుతున్నట్టున్నాను. చెప్పవలసిందే. ఆ రూపాయి తొంభై లెక్కను ఇంతకాలం నాయన చెప్పినట్టే అప్పజెప్పాను కాని, ఆ ధర ఎందుకు అంత అని ఒక్కనాడూ ఆలోచించలేదు. 1978లో గెలిచిన కాంగ్రెసు ఐదేళ్ళలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, చివరికి కోట్ల అని నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. కోట్ల ఆ కుర్చీలో కూర్చున్నది 1982 సెప్టెంబరులో, ఎన్నికలు జరిగింది మరుసటి జనవరిలో. ఆ నాలుగేళ్ళలో ఎవరికీ తోచని చౌక బియ్యం, చైతన్యరథం ఊరూరా తిరుగుతున్న ఆ నాలుగు నెలల్లోనే ఎందుకు తోచింది? తోచినా, రెండు రూపాయలని కాక, రూపాయిన్నర అనీ కాక, సరిగ్గా రూపాయి తొంభై అని ఎందుకు? ఎదుటి దుకాణంలో రెండు రూపాయలని పలక రాసి పెట్టినప్పుడే ఎవరైనా రూపాయి తొంభై అని రాస్తారు. నాయన జీవితమంతా గొప్పగా చెప్పుకున్న ఆ పది పైసల తేడాయే ఆ ఆలోచన ఎవరిదో చెబుతోంది.

నాయనకు ఇది తెలియదా? తెలిసే ఉంటుంది, లేకపోతే చీకట్లో తినవలసిన పని లేదు. 1994లో ఆ మనిషే, ఆ బియ్యంతోనే మళ్ళీ కోట్లనే ఓడించినప్పుడు ఆయన రెండు రోజులు అరుగు దిగలేదు. అప్పుడు నాయనకు మరో ఫిర్యాదు కూడా చేరింది, సారా నిషేధించింది 1993లో కోట్ల ప్రభుత్వమైతే, సంపూర్ణ మద్యనిషేధమని సంతకం పెట్టి పేరు కొట్టేసినవాడు రామారావు అని. అది అబద్ధం కాదు. కాని వారుణి వాహిని పేరిట సర్కారీ సారా పొట్లాలు ఊరూరికీ చేర్చిన ప్రభుత్వమూ రామారావుదే, ఒక చేత్తో రెండు రూపాయల బియ్యమిచ్చి రెండో చేత్తో సారాకు లాగేసుకున్నారని ఆడవాళ్ళు అన్నదీ అందుకే. ఆ సారాను ఆపిన ఘనత ఇద్దరు ముఖ్యమంత్రులదీ కాదు, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళది. సారా విషయంలో నేను ఎవరికీ మార్కులు వెయ్యను. బియ్యం విషయంలో మాత్రం వెయ్యక తప్పదు. 1996లో రామారావు పార్టీవారే, ఆయన అల్లుడు చంద్రబాబు హయాంలో, ధరను మూడున్నరకు పెంచారు. 2008లో రాజశేఖరరెడ్డి మళ్ళీ రెండు రూపాయలు చేసినప్పుడు మనిషికి 4 కిలోలు, ఇంటికి 20 కిలోలే దక్కాయి. 2011లో కిరణ్‌కుమార్‌రెడ్డి రూపాయి అన్నారు. ఎవరు వచ్చినా ఆ రెండు రూపాయల గీత పైనో కిందో నిలబడవలసిందే తప్ప, ఆ గీతను చెరిపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గీత గీసినవాడికి ఆ మాత్రం పేరు చెందాలి.

అయితే బావగారు అన్న రెండో మాటకు మాత్రం నేను ఒప్పుకోను. మా జొన్నలు 'గతి' కావు. వరి అన్నం దొరికిన పదేళ్ళలో మా ఊళ్ళో రొట్టె తట్టడం వచ్చిన ఆడపిల్లలు తగ్గిపోయారు, జొన్నచేలు తగ్గిపోయాయి, జేజికి డెబ్బై దాటాక షుగరు వస్తే కర్నూలు డాక్టరు జొన్నరొట్టె తినమని చీటీ రాసిచ్చాడు. ఇప్పుడు జొన్నపిండి కొనబోతే ఒక్కోసారి బియ్యం కంటే ప్రియం. ఈ పాపాన్ని రామారావు ఖాతాలో వేయమంటే బావగారు ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. నిజానికి నేనూ వేయలేను, ఎందుకంటే ఆ రోజు పొయ్యి చుట్టూ చేరిన పిల్లల్లో ఒక్కరం కూడా జొన్నరొట్టె కావాలనలేదు.

ఇందాక అక్క ఫోను చేసింది. బావగారు ఇంటికి వెళ్ళాక ఒక పెద్ద గ్లాసెడు మజ్జిగ తాగి పడుకున్నారట. పడుకోబోతూ, "ఆ కోట్ల రూపాయి తొంభై సంగతి నిజమేనా, మీ చెల్లెలు కల్పించిందా?" అని అడిగారట. నిజమేనని చెప్పమన్నాను. ఆ పది పైసల గురించి మాత్రం ఏమీ చెప్పలేదు.