సెల్ఫ్ కొట్టే ముందు రెండు సెకన్లు

మా అన్నయ్య కొడుక్కి కారు నేర్పుతున్నాను. వాడు తాళం పెట్టీ పెట్టగానే గిర్రున చివరిదాకా తిప్పేస్తాడు. ఆన్ దగ్గర ఒక్కక్షణం ఆగరా అంటే, "దేనికి బాబాయ్?" అంటాడు.

దేనికంటే, తాళం ఆన్‌లోకి రాగానే వెనక సీటు వైపు నుంచి సన్నగా జుయ్యిమని చప్పుడొస్తుంది. అది ట్యాంకులో ఉండే పెట్రోల్ పంపు. రాత్రంతా నిలబడ్డ బండిలో తగ్గిన ప్రెషర్‌ను మళ్లీ నింపి, రెండు మూడు సెకన్లలో దానంతటదే ఆగిపోతుంది. ఈలోగా డ్యాష్‌బోర్డు చూసుకోవచ్చు. ఆయిల్, బ్యాటరీ, చెక్ ఇంజిన్ దీపాలు అప్పుడు వెలగాలి. వెలగకపోతేనే అనుమానించాలి.

న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ సరే. ఏసీ, లైట్లు ఆపేసి క్లచ్ పూర్తిగా తొక్కితే స్టార్టర్‌కి ఆ మేరకు బరువు తగ్గుతుంది.

ఇక కుడికాలు. దానికిక్కడ పనే లేదు! మా నాన్న చోక్ లాగి, ఎక్సలేటర్ రెండుసార్లు తొక్కి గానీ సెల్ఫ్ కొట్టేవారు కాదు. గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ ఉన్న పాత బండికి అదే పద్ధతి. తొక్కినప్పుడల్లా లోపలికి కాస్త పెట్రోల్ చిమ్మేది, చోక్ గాలిని తగ్గించేది. ఇప్పటి ఇంజెక్షన్ బండిలో ఆ లెక్కంతా కంప్యూటర్‌ది. ఇంజిన్ ఎంత చల్లగా ఉందో సెన్సర్ చెబుతుంది, దాన్నిబట్టి కంప్యూటరే పెట్రోల్ పోస్తుంది. పైగా చాలా బండ్లలో పెడల్ అడుగంటా తొక్కి సెల్ఫ్ కొడితే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు ఆగిపోతాయి. పెట్రోల్‌తో తడిసిన ప్లగ్గులు ఆరడానికి పెట్టిన ఏర్పాటది. అంటే బండి అందుకోవట్లేదని కసిగా తొక్కేవాళ్లు వచ్చే పెట్రోల్‌ను తామే ఆపేసుకుంటున్నారన్నమాట.

ఐదారు సెకన్లలో అందుకోకపోతే తాళం వదిలేయాలి. అరనిమిషం ఆగి మళ్లీ చూడాలి. స్టార్టర్ మోటారు వంద ఆంపియర్ల పైనే లాగుతుంది, వదలకుండా కొడితే వేడెక్కిపోతుంది, బ్యాటరీ కూడా దిగిపోతుంది. టిక్కు టిక్కుమని ఊరుకుంటే మాత్రం ముందు బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. వదులుగా ఉన్నాయేమో, తెల్లగా బూజులాంటిది పట్టిందేమో.

అందుకున్నాక మొదట ఇంజిన్ తిరిగే వేగం, అంటే ఆర్‌పీఎం 1200 దరిదాపుల్లో ఉండి, వేడెక్కేకొద్దీ 700–800కి దిగుతుంది. దాన్ని దిగనివ్వకుండా బుర్రుబుర్రున రేజ్ చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆయిల్ ఇంకా పైదాకా చేరనే లేదు కదా! ఆయిల్ దీపం రెండు మూడు సెకన్లలో ఆరకపోతే వెంటనే ఆపేయాలి. అలాగని పది నిమిషాలు నిలబెట్టి వేడి చేయడమూ దండగే. అరనిమిషం ఆగి మెల్లగా కదిలితే నడుస్తూనే వేడెక్కుతుంది. తలుపులు మూసిన షెడ్డులో అయితే ఆ కాసేపు కూడా వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు.

వాడి స్నేహితుడిది బటన్ బండి. దానికి ఆన్ ఎక్కడుంటుందని అడిగాడు. చాలా బండ్లలో బ్రేక్ తొక్కకుండా బటన్ రెండుసార్లు నొక్కితే ఆన్ వస్తుంది. తర్వాత బ్రేక్ తొక్కి ఇంకోసారి నొక్కడమే. మాన్యువల్ గేర్ల బండైతే బ్రేక్ బదులు క్లచ్.