సేల్స్‌మన్ ఫోన్‌లో ఉండే కస్టమర్

దుబాయ్ దేరాలో బిల్డింగ్ మెటీరియల్ అమ్మే ట్రేడింగ్ కంపెనీల్లో కస్టమర్ కంపెనీని నమ్ముకుని రాడు, సేల్స్‌మన్‌ని నమ్ముకుని వస్తాడు. పైపులు, కేబుళ్లు, పెయింట్లు, ఏది అమ్మినా అంతే. సైట్‌లో ఫోర్‌మన్‌కి సరుకు కావాలంటే ఆఫీసు నంబరుకి ఫోన్ చేయడు. తనకు తెలిసిన సేల్స్‌మన్‌కి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతాడు. ఇక్కడ వాట్సాప్ కాల్స్ పనిచేయవు కాబట్టి బేరాలన్నీ మెసేజ్‌ల మీదే నడుస్తాయి. ఆ సేల్స్‌మన్ వీసా క్యాన్సిల్ చేయించుకుని వెళ్లిపోతే ఆ మెసేజ్‌లూ నంబర్లూ, ఎవరికి ఎంత రేటు ఇచ్చామన్న లెక్కా ఆయన వెంటే వెళ్లిపోతాయి.

నేను చేసేది సేల్స్ కోఆర్డినేటర్ పని. కొటేషన్ తయారు చేయాలి, ఎల్‌పీఓ, అంటే కస్టమర్ రాతపూర్వకంగా ఇచ్చే కొనుగోలు ఆర్డర్, వచ్చిందో లేదో చూడాలి, డెలివరీ నోట్ తీయాలి, చెక్కుల తేదీలు గుర్తుంచుకోవాలి. మా దగ్గర చాలాకాలం చేసిన సేల్స్‌మన్ ఒకాయన వేరే కంపెనీకి మారినప్పుడు, ఆయన చూసుకున్న కాంట్రాక్టర్ల గురించి వెతికితే దొరికినవి ఇన్‌వాయిస్‌లు మాత్రమే. ఏం కొన్నారో ఇన్‌వాయిస్‌లో ఉంటుంది. ఏది అడిగి కొనకుండా వదిలేశారో, ఎందుకు వదిలేశారో, వాళ్ల తర్వాతి ప్రాజెక్టు ఎక్కడ మొదలవుతోందో అందులో ఉండదు. ఇక కస్టమర్ల వివరాలు, వాళ్లతో నడిచిన బేరాలు ఒకేచోట దాచిపెట్టే సీఆర్‌ఎం సాఫ్ట్‌వేర్ తప్పదని మా మేనేజర్ అప్పుడే తేల్చేశారు. ఏది తీసుకోవాలో చూడమని నాకు అప్పగించారు.

పేర్లకేం కొదవ లేదు. సేల్స్‌ఫోర్స్ 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన కంపెనీ, ఈ రంగంలో పెద్దన్న. కానీ మాలాంటి చిన్న కంపెనీకి లైసెన్సు ఖర్చు ఒక ఎత్తు, దాన్ని మన అవసరానికి తగ్గట్టు మార్చిపెట్టే మనిషి ఖర్చు ఇంకో ఎత్తు. బెల్జియం వాళ్ల ఒడూలో స్టాకు, అకౌంట్స్, సేల్స్ అన్నీ ఒకే చోట ఉంటాయి. ఏమీ లేని చోట మొదలుపెట్టేవాళ్లకి అది మంచిదే. మేము మాత్రం 2018 జనవరిలో ఇక్కడ 5 శాతం వ్యాట్ వచ్చేసరికే టాలీలో స్థిరపడిపోయాం, మా అకౌంటెంట్‌ని అందులోంచి కదిలించడం అనవసరం అనిపించింది. చెన్నై వాళ్ల జోహో సీఆర్‌ఎం ముగ్గురి వరకు ఫ్రీగా వాడుకోవచ్చు. అందుకని డబ్బు పెట్టేముందు దాంతోనే మొదలుపెట్టి చూశాం.

డెమో ఇచ్చేవాళ్లందరూ ల్యాప్‌టాప్ తెరిచి రంగురంగుల చార్టులు చూపిస్తారు. అవి ఓనర్ల కోసం. నేను మాత్రం వాళ్లని ఫోన్ తీసి నా ఎదురుగా ఒక ఎన్‌క్వైరీ ఎక్కించమని అడిగేదాన్ని. ఎందుకంటే మా సేల్స్‌మన్‌కి దొరికేది అల్ కూజ్ గోడౌన్ బయట, రెండు సైట్ల మధ్య, కారులో కూర్చున్న ఆ కాసేపే.

అసలు ఎన్‌క్వైరీ ఎలా వస్తుందో చెప్తాను. సిమెంటు మరకలున్న ప్లైవుడ్ ముక్క మీద పెన్సిల్‌తో రాసిన లిస్టు, దాని ఫొటో. పీవీసీ 110, 40 పీసులు. ఎల్బో 45, ఒక డబ్బా. సొల్యూషన్. కింద ఉర్దూలో ఒక వాయిస్ మెసేజ్: "భాయ్, పొద్దున్నే కావాలి, పోయినసారి రేటే వెయ్యి." కంపెనీ పేరు లేదు, సైటు పేరు లేదు. పోయినసారి రేటు ఎంతో సేల్స్‌మన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఈ మనిషి చేత ఇండస్ట్రీ, సోర్స్, రేటింగ్, వార్షిక ఆదాయం అంటూ ఫారం నింపించాలని చూస్తే రెండో రోజుకే మానేస్తాడు. అందుకే సేల్స్‌మన్ నింపాల్సినవి నాలుగే పెట్టించాను: మొబైల్ నంబరు, కంపెనీ, ఏం కావాలి, మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి. దాంతోపాటు ఆ ఫొటో. మిగతావి ఆఫీసులో కూర్చుని నేను నింపుకుంటాను.

పేర్లతో చాలా తంటాలు పడాలి. సాఫ్ట్‌వేర్ లాస్ట్ నేమ్ లేకపోతే సేవ్ చేయనివ్వదు. మొహమ్మద్ అనే పేరుని ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో రాస్తారు. కేరళ వాళ్లలో చాలామందికి పేరు పక్కన ఒక అక్షరమే ఉంటుంది. మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందొస్తుంది. దాంతో ఒకే మనిషి మూడు పేర్లతో మూడుసార్లు ఎక్కుతాడు, ముగ్గురు సేల్స్‌మన్లు ఆయనకు మూడు రేట్లు ఇస్తారు. కాబట్టి పేరుని పక్కనపెట్టి మొబైల్ నంబరునే గుర్తుగా పెట్టుకున్నాం. అందులోనూ 050 అని ఒకరు, 00971 50 అని ఒకరు, ప్లస్ గుర్తుతో ఒకరు రాసి ఉంటారు. సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ముందు ఎక్సెల్‌లో వీటన్నిటినీ ఒకే తీరుకి తేవాలి. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ శ్రమ అక్కడే. ఎవరైనా సీఆర్‌ఎం పెట్టబోతుంటే కొనడానికి ముందే ఈ పని పూర్తి చేయమని చెప్తాను.

ఇంకో సంగతి, ఈ సాఫ్ట్‌వేర్‌లలో ఆర్డర్ రాగానే 'క్లోజ్డ్ వన్', అంటే బేరం కుదిరింది, ఇక ముగిసింది అని పెట్టేస్తారు. గల్ఫ్ ట్రేడింగ్‌లో ఎల్‌పీఓ వచ్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. సరుకు వెళ్తుంది, బదులుగా 60 రోజులకో 90 రోజులకో తేదీ వేసిన చెక్కు వస్తుంది. 2022 జనవరి నుంచి ఖాతాలో డబ్బు లేక చెక్కు వెనక్కి రావడాన్ని ఇక్కడ నేరంగా చూడటం లేదు, కోర్టు ద్వారా వసూలు చేసుకోవడం మాత్రం సులువు చేశారు. జైలు భయం పోయాక ఎవరికి ఎంత అప్పివ్వాలో మనమే ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. అందుకని ఎల్‌పీఓ తర్వాత 'డెలివరీ', 'చెక్కు అందింది', 'చెక్కు పాసైంది' అని మూడు దశలు కలిపించాం. పాసైతేనే క్లోజ్. సేల్స్‌మన్ కొత్త కొటేషన్ ఇచ్చేముందు పాత చెక్కు ఏమైందో ఆ స్క్రీన్ మీదే కనబడుతుంది.

మళ్లీ ఎప్పుడు మాట్లాడాలన్న తేదీ కూడా ఇక్కడి క్యాలెండర్‌ని బట్టి పెట్టుకోవాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని నిషేధం, ఆ టైమ్‌లో సైట్‌కి వెళ్తే ఎవరూ దొరకరు. రంజాన్‌లో పనిగంటలు తగ్గుతాయి. పరిచయం లేనివాళ్లకి మార్కెటింగ్ ఫోన్లు చేయడం మీద 2024 ఆగస్టు నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి: ఉదయం 9 నుంచి సాయంత్రం 6 లోపే చేయాలి, సొంత నంబరు నుంచి చేయకూడదు.

ఇవన్నీ సర్దుకున్నా నంబర్లు మాత్రం రాలేదు. సేల్స్‌మన్లు చిన్నా చితకా ఎన్‌క్వైరీలు ఎక్కించేవాళ్లు, పెద్ద కాంట్రాక్టర్లని దాచుకునేవాళ్లు. కోళికోడ్ నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన నాతో నేరుగానే అన్నారు: "సిస్టర్, ఈ నంబర్లన్నీ అందులో పెట్టేశాక నేనెందుకు మీకు?" ఆ మాటలో తప్పేముంది? మన వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే కొన్నాళ్లలో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. ఎన్నో ఏళ్లు ఎండల్లో సైట్ల చుట్టూ తిరిగి సంపాదించుకున్న పరిచయాలు తప్ప ఆయన చేతిలో ఇంకేం లేదు. దాన్ని అప్పగించమనేటప్పుడు బదులుగా ఏమిస్తున్నామో చెప్పాలి కదా. ట్రైనింగ్ పెట్టి, రిపోర్టులు అడిగి, రోజూ గ్రూపులో గుర్తుచేసి ఒరిగేదేమీ లేదని మా మేనేజర్‌కి చెప్పాను.

ఆయన విన్నారు. కమిషన్ నిబంధన కాగితం మీద రాయించారు. ఒక కస్టమర్‌ని సిస్టమ్‌లో ముందు ఎక్కించిన సేల్స్‌మన్‌కే ఆ అకౌంట్ కమిషన్. ఏటా వచ్చే 30 రోజుల సెలవు మీద ఊరెళ్తే, ఆయన బదులు చూసుకున్నవాళ్లకి సగం, ఆయనకి సగం. ఉద్యోగం మానేసినా, అప్పటికే వచ్చిన ఎల్‌పీఓల మీద కమిషన్ చెక్కు పాసయ్యాక ఇచ్చేస్తారు. సొంత వాట్సాప్ ఎవరూ అడగకూడదు, ఆఫీసు సిమ్ మీద నడిచేదే కంపెనీది. ఆ కాగితం చేతికొచ్చాక కోళికోడ్ ఆయన తన పాత డైరీ తెచ్చి నా పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదివి ఎక్కించారు. కస్టమర్ నాదంటే నాదని ఇద్దరు గొడవపడినప్పుడు ఎవరు ఏ తేదీన ఎక్కించారో ఇప్పుడు కనబడుతుంది. ఇదివరకు అది ఓనరు మనసులో ఎవరుంటే వాళ్లదయ్యేది.

డ్రైవర్లకి కూడా యాప్ ఇవ్వమని పట్టుబట్టాను. సరుకు దించేది వాళ్లు, డెలివరీ నోట్ మీద ఎవరు సంతకం పెడుతున్నారో వాళ్లకే ముందు తెలుస్తుంది. మా దగ్గర జగిత్యాల నుంచి వచ్చిన తమ్ముడు ఒకడున్నాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, ఆ పర్చేజ్ సార్ లేడిప్పుడు, కొత్తాయన వచ్చిండు. నంబర్ తీసుకున్న, ఎక్కియ్యాల్నా?" అన్నాడు. సేల్స్‌మన్‌కి తెలిసేలోపే మేము కొత్తాయనకి కొటేషన్ పంపగలిగాం. అలాంటి సమాచారానికి కూడా ఎంతోకొంత ముట్టజెప్పాలని మేనేజర్‌ని అడుగుతూనే ఉన్నాను, ఇంకా ఒప్పుకోలేదు.

అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్‌లలో సేల్స్‌ఫోర్స్ నేర్చుకుని చాలామంది ఐటీ వైపు వెళ్తున్నారు, మంచిదే. కామర్స్ చదివి గల్ఫ్‌కి రావాలనుకునే పిల్లలకి, ముఖ్యంగా ఆడపిల్లలకి, అదే సాఫ్ట్‌వేర్‌ని వాడేవాళ్ల వైపు నుంచి నేర్చుకోమని చెప్తాను. సేల్స్‌ఫోర్స్ వాళ్ల శిక్షణ సైట్ ట్రెయిల్‌హెడ్‌లో పాఠాలు ఉచితం, జోహో ఫ్రీ అకౌంట్ ఇంట్లో కూర్చునే తెరవొచ్చు. ఎక్సెల్‌లో నంబర్లు శుభ్రం చేయడం, డూప్లికేట్లు ఏరడం, కొటేషన్ నుంచి చెక్కు దాకా ఒక ఆర్డర్‌ని నడిపించి చూసుకోవడం చేతిలో ఉంటే ఇక్కడ కోఆర్డినేటర్ ఇంటర్వ్యూకి ధైర్యంగా వెళ్లొచ్చు. ఆఫర్ లెటర్ చేతికొచ్చినప్పుడు మాత్రం కమిషన్ గురించి అందులో ఏం రాశారో చదివాకే సంతకం పెట్టండి.