పిడుగు, స్కంక్, నలభై ఐదు రోజులు

మార్చి రెండో వారం, సోమవారం రాత్రి పదిన్నరకి పిడుగుని పెరట్లోకి వదిలాను. పడుకునే ముందు రోజూ చేసే పనే. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. వెనక కంచె దాటితే చిన్న వాగు, దాని గట్టున పొదలు. పిడుగు ఏడు కిలోల జాక్ రసెల్ టెర్రియర్. నాలుగేళ్ల క్రితం పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నాం. అప్పుడు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్న మా అమ్మ, వాడు సోఫా మీంచి ఎగిరిన ఎగురు చూసి "ఇదేం కుక్కే, పిడుగులా ఉంది" అంది. అదే పేరైంది.

ముందు మొరిగాడు. దానికి నేనేం కంగారు పడలేదు, ఉడత కనిపించినా మొరుగుతాడు. కాసేపటికి అరుపు టక్కున ఆగిపోయింది. అప్పుడు గుండె జారింది. నోట్లో ఏదైనా పట్టుకుంటే తప్ప వాడు అరుపు ఆపడు. షెడ్డు కింద నుంచి ఒక కీచు, ఆ వెంటనే వాసన. స్కంక్ అంటే ఇక్కడి ఒక చిన్న అడవి జంతువు, బెదిరితే భరించలేని వాసనున్న ద్రవం చిమ్ముతుంది. దాని వాసన అంటే కారులో వెళ్తుంటే రోడ్డు మీద లీలగా తగిలేది మాత్రమే నాకు అప్పటిదాకా తెలుసు. దగ్గర్లో అది అలా ఉండదు. కాలిన టైరూ కుళ్లిన వెల్లుల్లీ కలిపి ముక్కులో కుక్కినట్టు ఉంటుంది. కళ్లు మండిపోయి గొంతు పట్టేసింది. ఈసారి కూడా మా దగ్గరికి వచ్చి ఉన్న అమ్మ, "గ్యాస్ లీకవుతోంది, స్టవ్ చూడండి!" అని అరుస్తూ పైగదిలోంచి దిగి వచ్చింది.

ఫోన్ లైటులో చూస్తే రెండూ షెడ్డు ముందు గడ్డిలో ఉన్నాయి. పిడుగు దాని మెడ పట్టుకున్నాడు. అది వాడి పై పెదవి పట్టుకుంది. మావారు చెయ్యి పెట్టబోతే అరిచి ఆపాను. మొక్కలకి పెట్టే పైపు తిప్పి ఇద్దరి మొహాల మీదా నీళ్లు కొట్టాం. స్కంక్ పట్టు వదిలింది. పిడుగు వదల్లేదు. తల అటూ ఇటూ రెండుసార్లు విదిలించాడు, అంతే, అది మళ్లీ కదల్లేదు. నల్లటి ఒళ్లు, మెడ మీద నుంచి తోక దాకా రెండు తెల్లచారలు, చిన్న పిల్లి అంత ఉంది. దాన్ని చూస్తే నాకు చాలా బాధేసింది. స్కంక్ ఊరికే మీద పడే జంతువు కాదు. చిమ్మే ముందు ముందరి కాళ్లతో నేల మీద టపటపా కొట్టి హెచ్చరిస్తుంది. చాలా జంతువులు అక్కడే వెనక్కి తగ్గుతాయి. టెర్రియర్ తగ్గదు.

వాణ్ని తప్పు పట్టలేను. ఇంగ్లండ్‌లోని డెవన్‌కి చెందిన జాన్ రసెల్ అనే ఫాదరీ 1819లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్నప్పుడు, ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే ఆడకుక్కని కొన్నాడనీ, ఈ కుక్కల వంశం దానితోనే మొదలైందనీ చెబుతారు. వీటి పని నక్క బొరియలోకి దూరి, చీకట్లో ఒంటరిగా ఎదురు నిలిచి, దాన్ని బయటికి తరమడం. టెర్రియర్ అన్న మాటే నేలకి లాటిన్‌లో ఉన్న 'టెర్రా' నుంచి వచ్చింది. పిడుగు ముందరి కాళ్ల వెనక రెండు చేతులూ వేసి పట్టుకుంటే నా వేళ్లు కలుస్తాయి. ఈ కుక్కల ఛాతీని ఇప్పటికీ అలాగే కొలుస్తారు, అంతకంటే లావైతే బొరియలో పట్టదు. మా షెడ్డు కింద ఉన్న సందు వాడికి సరిగ్గా సరిపోయింది.

వాడు కళ్లు తెరవలేక మొహాన్ని గడ్డికేసి రుద్దుకుంటుంటే ఒట్టి చేతులతో ఎత్తుకున్నాను. ఆ సాయంత్రమే కొబ్బరికాయ చిప్ప నుంచి ముక్క తీస్తూ చూపుడు వేలు కోసుకున్నాను. ఆ సంగతి గుర్తే లేదు.

రాత్రంతా తెరిచి ఉండే జంతువుల ఆస్పత్రికి ఫోన్ చేస్తే వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న గాయం ఎంత పెద్దది అని కాదు, రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు అని. టెక్సాస్‌లో స్కంక్, నక్క, రకూన్, కయోటీ, గబ్బిలం, ఈ ఐదింటినీ రేబిస్ ప్రమాదం ఎక్కువున్న జంతువులుగా లెక్కేస్తారు. కారులో కూర్చుని వణికే చేతులతో ఈమెయిల్‌లో సర్టిఫికెట్ వెతికాను. మూడేళ్ల టీకా, గడువు జూన్ దాకా ఉంది. అది చూసి నిజంగా ఏడ్చాను. ఎందుకంటే, టీకా ఉన్న కుక్కకి వెంటనే బూస్టర్ వేసి 45 రోజులు విడిగా ఉంచితే సరిపోతుంది. లేని కుక్కకి ఇక్కడి రూల్ ప్రకారం ప్రాణం తీయించాలి, లేదంటే వెంటనే టీకా వేసి 90 రోజులు బంధించి, మూడో వారంలో, ఎనిమిదో వారంలో మళ్లీ టీకాలు వేయించాలి.

ఆస్పత్రిలో అందరూ చేతులకి గ్లవ్స్, మొహానికి షీల్డ్ వేసుకుని వచ్చారు. ముందు కళ్లు సెలైన్‌తో చాలాసేపు కడిగారు. తర్వాత కంట్లో ఒక రంగు చుక్క వేసి నీలం లైటులో చూశారు. గుడ్డు మీద పుండు పడితే అక్కడ ఆకుపచ్చగా మెరుస్తుందట. అదృష్టం కొద్దీ మెరవలేదు. పెదవి మీద గాట్లు నాకు గుండుసూది గుచ్చినంతే కనిపించాయి. డాక్టరమ్మ అందులోకి సన్నటి గొట్టం పెడితే అంగుళం లోపలికి దిగింది. "పైన రంధ్రం చిన్నది, లోపల సంచిలా చిరిగింది. కుట్లు వేసి మూస్తే చీము లోపలే ఉండిపోతుంది" అని కడిగి తెరిచే ఉంచారు. యాంటీబయాటిక్, నొప్పి మందు, గాయాన్ని గోక్కోకుండా మెడ చుట్టూ కోన్ (గరాటులాంటి పట్టీ). మనుషుల నొప్పి మాత్రలు మాత్రం ఇంట్లో ఉన్నాయి కదా అని ఇవ్వొద్దని రెండుసార్లు చెప్పారు. చిగుళ్లు పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే తెమ్మన్నారు. స్కంక్ చిమ్మిన దానివల్ల అరుదుగా రక్తకణాలు దెబ్బతింటాయట.

ఇంటికొచ్చేసరికి తెల్లవారుజామున మూడు. గ్యారేజీలో స్నానం. టొమాటో రసం పొయ్యమని ఇక్కడ అందరూ చెబుతారు, మా అమ్మ కుంకుడుకాయ రసం అంది. పని చేసేది మాత్రం పాల్ క్రేబామ్ అనే కెమిస్ట్ 1993లో బయటపెట్టిన మిశ్రమం. మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ దాదాపు ఒక లీటరు, పావు కప్పు బేకింగ్ సోడా, గిన్నెలు తోమే లిక్విడ్ ఒకటి రెండు చెంచాలు. కలిపిన వెంటనే నురుగు మీదున్నప్పుడే వాడాలి. సీసాలో పోసి మూత పెడితే పగిలిపోతుంది. కళ్లకీ గాయాలకీ తగలకుండా మెడ నుంచి కిందికి రాసి, ఐదు నిమిషాలుంచి కడిగాను. వాసన ముప్పావు వంతు పోయింది. మొహం మీద రాయలేదు కాబట్టి అక్కడ మాత్రం వారాల తరబడి ఉంది.

పొద్దున్న తొమ్మిదిన్నరకి మా ఊరి యానిమల్ కంట్రోల్ ఆఫీసర్ ఫోన్ చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "స్కంక్ ఎక్కడుంది?" అన్నాడు.

మంగళవారం మా వీధికి చెత్త బండి వచ్చే రోజు. నేను ఆస్పత్రికి వెళ్లాక మావారు, మా పాప నిద్ర లేచి చూస్తుందేమోనని స్కంక్‌ని రెండు కవర్లలో చుట్టి డబ్బాలో వేసి, డబ్బా రోడ్డు పక్కన పెట్టారు. బండి ఏడింటికే వచ్చి వెళ్లిపోయింది. ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితాల్లో మూడో పేజీలో రాసే ఉంది, చచ్చిన జంతువుని పారేయకండి అని. ఆ పేజీ నేను చూసింది ఫోన్ పెట్టేశాక. తల చితక్కుండా, గ్లవ్స్‌తో తీసి కవర్లో కట్టి ఐసు మీద పెట్టి ఉంటే చాలు. ఫ్రీజర్‌లో గడ్డ కట్టించకూడదు. వాళ్లే వచ్చి తీసుకెళ్లి ఆస్టిన్‌లోని రాష్ట్ర ల్యాబ్‌కి పంపిస్తారు. మెదడుకి పరీక్ష చేసి కొద్ది రోజుల్లో చెప్పేస్తారు. రేబిస్ లేదని తేలితే బంధించే పనే ఉండేది కాదు. స్కంక్ లేదు కాబట్టి దానికి రేబిస్ ఉన్నట్టే అనుకుని నడుచుకోవాలి.

ఆ మాట విన్నాక నా వేలు గుర్తొచ్చింది. స్కంక్ చొంగంతా పిడుగు మూతి మీదుంది, ఆ మూతి నా చేతుల్లో ఉంది. సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడుక్కుని హాస్పిటల్‌కి వెళ్లాను. తాజా గాయం, పరీక్షకి జంతువు లేదు, రిస్క్ తీసుకోవద్దన్నారు డాక్టరు. మొదటి రోజు ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే రేబిస్‌తో వెంటనే పోరాడే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు. బరువుని బట్టి లెక్కగట్టి, పట్టినంత ఆ వేలి గాయం చుట్టూనే గుచ్చారు. చర్మం తెల్లగా బిగుసుకుపోయింది. కొబ్బరి కోసిన చిన్న గాటుకి అంత నొప్పి పడతానని అనుకోలేదు. మిగిలింది తొడకి. వ్యాక్సీన్ భుజానికి, మొత్తం నాలుగు డోసులు: ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు.

అమ్మ నన్నలా చూసి వణికిపోయింది. వాళ్ల పెదనాన్న కొడుకుని చిన్నప్పుడు పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిచారట. రోజూ ఆస్పత్రి మెట్ల దగ్గర కూర్చుని ఏడ్చేవాడట. గొర్రె మెదడుతో తయారుచేసే ఆ పాత మందుని మన దేశంలో 2005 నాటికి ఆపేశారని, ఇప్పుడు అక్కడైనా ఇక్కడైనా భుజానికే వేస్తారని చెబితే "నాలుగేనా, నిజంగా నాలుగేనా" అని మళ్లీ మళ్లీ అడిగింది.

ఆఫీసర్ వచ్చి ఇల్లు చూసి కాగితం మీద సంతకం తీసుకున్నాడు. 45 రోజులు వాడు ఇంట్లోనే. పెరట్లోకైనా బెల్టు మీదే, పెద్దవాళ్ల చేతిలోనే. వాకింగ్ లేదు, వేరే జంతువులు ఎదురుపడకూడదు, బయటివాళ్లు ముట్టుకోకూడదు. ప్రవర్తనలో ఏ తేడా వచ్చినా వెంటనే ఫోన్ చెయ్యాలి. బట్టలుతికే గదిలో వాడికి చోటు చేశాం. తలుపుకి పిల్లల గేటు ఒకటి, దానికి రెండడుగుల ముందు ఇంకొకటి. తొమ్మిదేళ్ల మా పాప రెండో గేటు బయట చాప వేసుకుని హోంవర్క్ చేసేది. వాడు గేటు సందులోంచి ముక్కు పెట్టి దాని పెన్సిల్ వైపు చూస్తూ పడుకునేవాడు. పరిగెత్తడానికే పుట్టిన కుక్క అది. వాడి కోసం పాత తువ్వాళ్లలో బిస్కెట్లు ముడివేసి పది చోట్ల దాచేదాన్ని. వాటిని వెతికి విప్పడానికి వాడికి గంట పట్టేది, ఆ గంట మాత్రం వాడు మామూలుగా కనిపించేవాడు.

తొమ్మిదో రోజు పొద్దున్న అన్నం ముట్టలేదు. చొంగ కారుతోంది. ఈ రెండూ నేను రోజూ నోట్‌బుక్‌లో "లేదు" అని రాసుకుంటున్న లక్షణాలే: తిండి మానేయడం, మింగలేకపోవడం, చొంగ, గొంతు మారడం, తూలడం. ఆ పొద్దున్న రెండు గీతల్లో "ఉంది" అని రాయాల్సి వచ్చింది. గేటు ఇవతల నేల మీద కూర్చుండిపోయాను. పాపని స్కూలుకి పంపేసి డాక్టరుకి ఫోన్ చేస్తే, అందరితో కలవకుండా వెనక గేటు దగ్గరికి తెమ్మన్నారు, ఆఫీసర్‌కి కూడా చెప్పమన్నారు. దవడ కింద నిమ్మకాయంత గడ్డ. నొక్కగానే చీము. స్కంక్ పన్ను దిగిన చోటే లోపల పుండు పట్టింది. దాన్ని కోసి శుభ్రం చేసి ఇంకో యాంటీబయాటిక్ ఇచ్చారు. ఆ సాయంత్రం పెరుగన్నం గిన్నె నాకేశాడు. చీము వాసన చూసి ఇంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

ఉగాది ఆ రోజుల్లోనే వచ్చింది. ఎవరినీ పిలవలేదు. అమ్మ తెచ్చిన ఎండు వేపపువ్వుతో పచ్చడి చేసి, దేవుడి దగ్గర పెట్టి, నలుగురం గేటు ముందు నేల మీద కూర్చుని భోంచేశాం.

ఈలోగా పెరడు సంగతి చూసుకున్నాం. గొడవకి రెండు వారాల ముందు నుంచీ లాన్‌లో గరాటుల్లాంటి చిన్న గుంటలు కనిపించేవి. ఉడతల పని అనుకున్నాం. గడ్డి వేళ్లు తినే తెల్ల పురుగుల కోసం స్కంక్ రాత్రిపూట అలా తవ్వుతుందట. అవి కనిపించిన రోజే వాణ్ని బెల్టు మీద తీసుకెళ్లి ఉంటే ఆ స్కంక్ కూడా బతికేది. ముందు షెడ్డు కింద పిల్లలు లేవని చూసుకున్నాం. తర్వాత చుట్టూ అడుగు లోతు తవ్వి, గట్టి ఇనుప జాలీ దించి, అడుగున బయటి వైపుకి వంచి మట్టి కప్పాం. కింద పడే గింజల కోసం ఏవేవో వస్తున్నాయని పిట్టల గింజల డబ్బా తీసేశాం. కదలిక ఉంటే వెలిగే లైటు పెట్టాం. చీకటి పడ్డాక బయటికి వెళ్లే ముందు ఆ లైటు వేసి, చప్పట్లు కొట్టి, ఒక నిమిషం ఆగుతాం. ఏదైనా ఉంటే వెళ్లిపోవడానికి దానికి ఆ టైమివ్వాలి.

ఏప్రిల్ చివర్లో గడువు పూర్తయింది. ఆఫీసర్ వచ్చి చూసి కాగితం మీద తారీఖు వేశాడు. పాప రెండు గేట్లూ తీసింది. పిడుగు పరిగెత్తలేదు. హాలు, వంటిల్లు, మెట్లు, ఒక్కొక్కటీ వాసన చూసుకుంటూ పెరటి తలుపు దగ్గరికొచ్చి ఆగాడు. బెల్టు వేసి తలుపు తీశాను. నేరుగా షెడ్డు దగ్గరికి నడిచి, జాలీ పాతిన చోట ముక్కు ఆనించి, ముందరి కాలు ఒకటి ఎత్తి నిలబడ్డాడు. ఒళ్లంతా సన్నగా వణుకుతోంది. నేను బెల్టుని చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాను.