బేచిరాక్ అని రాసిన ఊరికి ఒకప్పుడు పోస్టాఫీసు ఉండేది

తెలంగాణ రెవెన్యూ రికార్డుల్లో కొన్ని ఊళ్ళ పేర్ల పక్కన "బేచిరాక్" అన్న మాట కనిపిస్తుంది. చిరాగ్ అంటే దీపం. సాయంత్రం దీపం పెట్టే మనిషి లేని ఊరు అని అర్థం. సర్వే నంబర్లుంటాయి, పట్టాదారులుంటారు, ఇల్లు మాత్రం ఒక్కటీ ఉండదు. ఊరు లేచిపోవడానికి కలరా, ప్లేగు, దొంగల భయం, బావులు ఎండిపోవడం ఇలా ఎన్నో కారణాలు. కృష్ణ ఒడ్డున పోయిన ఊళ్ళకు మాత్రం కారణం ఒక్కటే, డ్యాం.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న, శ్రీశైలానికి 1963 జూలైలో నెహ్రూ శంకుస్థాపన చేశారు. సాగర్ నీళ్ళు నాగార్జునకొండ లోయను ముంచితే, శ్రీశైలం కోసం 1981లో అటు కర్నూలు జిల్లా నందికొట్కూరు, ఆత్మకూరు తాలూకాల్లో, ఇటు మహబూబ్‌నగర్ జిల్లా అలంపూర్, కొల్లాపూర్ తాలూకాల్లో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేయించారు. రెండు ఒడ్డులా కలిపితే వందకు పైనే. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయీ రాయీ విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. నాగార్జునకొండ తవ్వకాల్లో బయటపడ్డవి కొండ మీది మ్యూజియానికి చేరాయి. అవన్నీ కాపాడినందుకు ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ ఆ ఊళ్ళకు రోజూ ఉత్తరం తెచ్చిన పోస్టాఫీసుల గురించి ఎవరూ రాసిపెట్టలేదు. ఇప్పుడు మనమే వెతుక్కోవాలి. వెతికితే దొరుకుతుంది.

ముందు ఒక చిక్కు తెలుసుకోవాలి. రెవెన్యూ శాఖ లెక్కలో ఊరంటే రెవెన్యూ గ్రామమే. దాని కింద ఉండే మజరా, శివారు పల్లె, తండా, గూడెం ఎంత పెద్దవైనా ప్రత్యేకంగా లెక్కకు రావు. జనాభా లెక్కలదీ అదే పద్ధతి, మజరా మనుషులంతా పెద్దూరి అంకెలో కలిసిపోతారు. తపాలా శాఖకు ఆ పట్టింపు లేదు. ఉత్తరాలు వచ్చే చోటు ఎక్కడైతే అక్కడే పోస్టాఫీసు పెట్టింది, ముద్ర మీద ఆ పల్లె పేరే చెక్కించింది. అందుకే చాలా మజరాలకు తమ సొంత పేరుతో దొరికే మంచి సర్కారు సాక్ష్యం ఆ తపాలా ముద్రే. మజరా చరిత్ర రాయాలనుకునేవాళ్ళు పోస్టాఫీసు నుంచి మొదలుపెట్టాలని గట్టిగా చెప్పడం అందుకే.

పల్లెలో ఉండేది బ్రాంచి పోస్టాఫీసు. దానికి సర్కారు కట్టిన గది ఉండదు, పోస్టుమాస్టరే చోటు చూపించాలి. బడి అయ్యవారో, అంగడి నడిపే ఆయనో, కాస్త భూమి ఉన్న రైతో రోజుకు కొన్ని గంటలు ఆ పని చూసేవారు. ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఉద్యోగం కాబట్టి ఊళ్ళో "ఈడీ" అనేవారు, ఇప్పుడు గ్రామీణ డాక్ సేవక్ అంటున్నారు. సామాను కూడా కొంచెమే. తారీఖు ముద్ర, సిరా పలక, తూనిక, లక్క, కాన్వాసు సంచి, జర్నల్ పుస్తకం, కొన్ని స్టాంపులు, పరిమితికి లోబడి కొంత నగదు. రోజూ సంచిలో ఉత్తరాలతో పాటు ఆ రోజు డైలీ అకౌంటు కూడా బ్రాంచి లెక్కలు చూసే పై పోస్టాఫీసుకు, అంటే అకౌంట్ ఆఫీసుకు వెళ్ళేది, అక్కడి నుంచి సంచి బీఓ స్లిప్పుతో, అంటే బ్రాంచి ఆఫీసుకు రాసిన చీటీతో తిరిగి వచ్చేది. మోసే మనిషి రన్నరు. ఊరు ఏటికి అవతల ఉంటే నడకకు తోడు పుట్టి ప్రయాణం తప్పదు, వరదొస్తే టపా ఆగిపోయినట్టే.

దీన్ని బట్టి ఒక విషయం తేలుతుంది. బ్రాంచి లెక్కలు ఊళ్ళో మిగలవు. అవి సబ్ ఆఫీసు లెక్కలోనూ, అక్కడి నుంచి హెడ్ ఆఫీసు లెక్కలోనూ కలిసిపోతాయి. జర్నళ్ళను గడువు తీరగానే నాశనం చేస్తారు. కాబట్టి "పాత జర్నళ్ళు ఇవ్వండి" అని అడిగితే లేవన్న జవాబే వస్తుంది. అడగాల్సింది డివిజన్ సూపరింటెండెంట్ కార్యాలయంలో, అదీ మూడే విషయాలు: బ్రాంచి తెరవడానికి ఇచ్చిన మెమో, అకౌంట్ ఆఫీసు మారిన ఉత్తర్వులు, మూసివేత లేదా తరలింపు ఉత్తర్వు. తపాలా కేంద్ర శాఖ కాబట్టి సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేస్తే చాలు. గడువు 30 రోజులు. దరఖాస్తులో పల్లె పేరు ఒక్కటే రాస్తే పని జరగదు. ఆనాటి తాలూకా, అకౌంట్ ఆఫీసు పేరు తప్పకుండా రాయాలి. ఒకే పేరుతో నాలుగైదు కొత్తపల్లెలు ఉండే నేల మనది.

ఆ అకౌంట్ ఆఫీసు పేరు ఎలా తెలుస్తుందంటే, పాత ఉత్తరాల వల్ల. ముంపు కాలనీల్లో పెద్దవాళ్ళ ట్రంకు పెట్టెల్లో, పెళ్ళి పత్రికల కట్టల్లో, పట్టా కాగితాల మధ్య కార్డులు ఇంకా ఉంటాయి. ముద్రలో ఊరి పేరు పక్కన బీ.ఓ. అన్న అక్షరాలు చూడండి. కింది సగంలో చాలాసార్లు పై ఆఫీసు పేరో జిల్లా పేరో ఉంటుంది. చేరిన చోట కొట్టిన రెండో ముద్రను కూడా వదలొద్దు. సిరా పలచబడి కనిపించకపోతే కార్డును కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో పెట్టి ఫోటో తీసి, ఫోన్‌లో రంగులు తిరగేసి చూడండి, అక్షరాల గాడి తేలుతుంది. కార్డును తడపడం, స్టాంపు ఊడదీయడం మాత్రం వద్దు. ముద్రలో సగం స్టాంపు మీద, సగం కాగితం మీద ఉంటుంది. విడదీస్తే రెండూ పనికిరావు.

బ్రిటిష్ కాలపు ముద్రల్లో ఒక్కోసారి ఊరి పేరే ఉండదు, "ఎక్స్‌పెరిమెంటల్ పి.ఓ." అని, ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. పల్లె పోస్టాఫీసును మొదట ప్రయోగంగా తెరిచి, నిలదొక్కుకుంటే ఖాయం చేసేవారు. పంపినవారి ఊరు ఉత్తరంలో రాసి ఉంటే, ఆ అంకె ఏ పల్లెదో అప్పుడు తెలుస్తుంది. ఇక హైదరాబాద్ రాజ్యంలో ఉన్న ఊళ్ళయితే 1950 దాకా నిజాం తపాలా కింద ఉండేవి. వాటికి బ్రిటిష్ తపాలా వారి మద్రాసు సర్కిల్ జాబితాల్లో వెతకడం దండగ.

తారీఖు చెరిగిపోయినా కాగితమే కాలం చెబుతుంది. అణాల్లో ధర ఉంటే ఆ కాగితం 1957 ఏప్రిల్‌కు ముందుది. "నయా పైసే" అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. ఇన్‌లాండ్ లెటర్ 1950 అక్టోబరు 2న వచ్చింది, అంతకు ముందు లేదు. కవరు మీద అదనంగా 5 పైసల శరణార్థుల సహాయ స్టాంపు కనిపిస్తే 1971 చివరి నుంచి 1973 మొదటి దాకా. పిన్ కోడ్ గడులున్న కార్డయితే 1972 ఆగస్టు 15 తర్వాతదే. అయితే ఇది కాగితం వయసు మాత్రమే. ఇంట్లో దాచుకున్న పాత కార్డును నాలుగేళ్ళకు వాడినవాళ్ళూ ఉంటారు.

చాలామంది చేసే తప్పు ఒకటుంది. చేతికి దొరికిన చివరి ముద్ర తారీఖునే పోస్టాఫీసు మూతపడ్డ తారీఖుగా రాసేస్తారు. అది మన అదృష్టం కొద్దీ దొరికిన చివరి కార్డు, అంతే. మూత వేరు, తరలింపు వేరు. ముంపు ఊళ్ళలో కొన్ని పోస్టాఫీసులు పాత పేరుతోనే పునరావాస కాలనీకి వెళ్ళి ఉండొచ్చు. అప్పుడు ఊరు పోయినా పోస్టాఫీసు పోలేదు. పిన్ కోడ్ చూసి తేల్చడమూ కుదరదు, ఎందుకంటే ఒక సబ్ ఆఫీసు కింది బ్రాంచీలన్నిటికీ సాధారణంగా ఒకే పిన్ ఉంటుంది.

పోస్టాఫీసు ఉండేదని రూఢి చేసుకోవడానికి 1961, 1971 జనగణన జిల్లా హ్యాండ్‌బుక్కులు బాగా పనికొస్తాయి. ఊరి వివరాల పట్టికలో బడి, బావి, కరెంటు, దారితో పాటు తపాలా సౌకర్యం కూడా ఉంటుంది. మజరా పోస్టాఫీసు పెద్దూరి వరసలో చూపి ఉండొచ్చని గుర్తుంచుకోవాలి. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో ఊరి పేరు పక్కన చిన్నగా పీ.ఓ. అని ఉంటుంది. శ్రీశైలం ముంపు చాలామటుకు 56 ఎల్, 57 ఐ షీట్లలో పడుతుంది. పటం అంచున ముద్రించిన సంవత్సరమూ సర్వే చేసిన సంవత్సరమూ వేరువేరుగా ఉంటాయి, రాసుకోవాల్సింది సర్వే సంవత్సరం. లేకపోతే ఇరవై ఏళ్ళ తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు.

అన్నిటికన్నా విలువైన కాగితం భూసేకరణ అవార్డు. అప్పటి 1894 భూసేకరణ చట్టం కింద 4(1) నోటిఫికేషన్, 6వ సెక్షన్ డిక్లరేషన్ గెజెట్‌లో వచ్చేవి, సర్వే నంబర్లు అందులో దొరుకుతాయి. 11వ సెక్షన్ కింద పరిహారం తేల్చి ఇచ్చిన అవార్డులో ఒక్కొక్కరి ఆస్తికి ఎంత ఇచ్చారో ఉంటుంది. ఇళ్ళ విలువ కట్టిన పట్టికలు జతగా దొరికితే ఊరు వీధులతో సహా కళ్ళముందు నిలుస్తుంది: రాతి గోడ, మట్టి మిద్దె, ముందు కొట్టం, పెరట్లో బావి, వేపచెట్లు రెండు. పోస్టాఫీసు అన్న పేరుతో వరస ఉండదు. పోస్టుమాస్టరు పేరు తెలిస్తేనే ఆయన ఇంటి వరస పట్టుకోగలం, పోస్టాఫీసు చోటూ అదే. పరిహారం చాలక 18వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్ళినవాళ్ళ కేసు కట్టల్లో ఇంకా వివరంగా ఉంటుంది.

వేసవిలో శ్రీశైలం జలాశయం బాగా తగ్గినప్పుడు కర్నూలు వైపున్న సంగమేశ్వరం గుడి (అలంపురానికి తరలించిన కూడవెల్లి గుడి కాదు) బయటపడ్డట్టే కొన్ని పాత ఊళ్ళ పునాదులూ తేలుతాయి. నిండు మట్టం 885 అడుగులు. పునాదుల ఫోటో తీసేటప్పుడు ఆ రోజు మట్టం కూడా రాసుకుంటే మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలో తెలుస్తుంది. ఊరి పెద్దను వెంట తీసుకెళ్తే గుడి నుంచి, చావిడి నుంచి అడుగులు కొలిచి "పోస్టు ఇక్కడ" అని చూపించగలరు. ఒండ్రు బురద పైన గట్టిగా కనిపించినా లోపల మెత్తగా ఉంటుంది, కర్రతో పొడిచి చూడకుండా అడుగు వేయకండి.

రాసేటప్పుడు ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. ఏ వెబ్‌సైటులో ఎక్కించబోయినా మండలం పేరు అడుగుతుంది. మండలాలు వచ్చింది 1985లో. 1981లో పోయిన ఊరికి మండలమే లేదు, తాలూకా ఉంది, దానిలో భాగమైన ఫిర్కా ఉంది. ఇవాళ్టి నంద్యాల జిల్లా అనో నాగర్‌కర్నూల్ జిల్లా అనో రాసి వదిలేస్తే పాత రికార్డులో వెతికేవాళ్ళు దారి తప్పుతారు. అప్పటి తాలూకా, అప్పటి జిల్లా ముందు రాసి, ఇప్పటి జిల్లా తర్వాత రాయండి. ఊరి పేరు తెలుగులో ఊరివాళ్ళు పలికినట్టు ఒకసారి, ముద్ర మీద ఉన్న అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు ఇంకోసారి.

పోలవరం ముంపులో ఇంకా ఖాళీ కాని ఊళ్ళలో ఇదే పని ఇప్పుడు, పోస్టుమాస్టర్లు ఎదురుగా ఉండగానే చేసుకోవచ్చు. ఒక తెల్ల కార్డు మీద తారీఖు ముద్ర కొట్టించుకుని, ఆ ఇంటి ముందు గుమ్మం ఫోటో తీసి, రన్నరు వచ్చే దారి చేత్తో గీయించుకుంటే అరపూట పని.