వదిన కోసం తీసిన పుస్తకాలు

శనివారం. ఆఫీసుకి సెలవు.

పొద్దున్నే గుడివాడ నుంచి వదిన ఫోన్. మోకాలి ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక రోజంతా మంచం, కుర్చీ, మళ్ళీ మంచం. టీవీ చూసి చూసి తల వాచిపోయిందట. "సాయంత్రం మీ అన్నయ్య బెజవాడ వస్తున్నారు, చదువుకోడానికి ఏవైనా ఇచ్చి పంపించు. కానీ ఏడుపుగొట్టువి వద్దు తల్లీ, నా నొప్పి నాకు చాలు" అంది. సరే వదినా అని ఫోన్ పెట్టేశాను గానీ, ఎంత సంతోషమేసిందో చెప్పలేను. వదిన నోట పుస్తకం మాట విని ఎన్నేళ్ళయిందో.

పెళ్ళయి మా ఇంటికొచ్చిన కొత్తల్లో వదిన పెట్టెలో చీరల అడుగున బైండు చేయించిన సీరియళ్ళు ఉండేవి. వాళ్ళమ్మగారు వారపత్రికల్లోంచి పేజీలు జాగ్రత్తగా చింపి, వరుసగా పేర్చి, కుట్టించి దాచినవి. కథ పక్కనే సగం తెగిన సబ్బు ప్రకటన, వెనక పేజీలో ఆవకాయ కొలతలు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో రాజశేఖరం గురించి వదిన చెప్తుంటే మా అమ్మ కూడా పొయ్యి తగ్గించి వచ్చి కూర్చునేది. తర్వాత పిల్లలు, స్కూళ్ళు, మామగారి జబ్బు, ఒకటా రెండా. ఈ మధ్యలో ఒకసారి బాగా చదువుకున్న చుట్టం ఒకాయన "ఇంకా ఈ చెత్త చదువుతున్నావా అమ్మా" అన్నాడు అందరి ముందూ. వదిన మారు మాట్లాడలేదు, కానీ ఆ పుస్తకాలు అటకెక్కాయి, ఆవిడ చదవడం కూడా వాటితోపాటే పోయింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఎందుకంటే ఆ నవలలే ఒక తరం ఆడవాళ్ళకి చదవడం అలవాటు చేశాయి. 1960లు, 70లలో తెలుగు నవల అంటే రచయిత్రులదే రాజ్యం. వాళ్ళకున్న గిరాకీ చూసి మగవాళ్ళు కూడా ఆడపేర్లు పెట్టుకుని రాశారు. ఇంటి పని అయ్యాక, అద్దెకు తెచ్చుకున్న నవల మర్నాటికి తిరిగి ఇవ్వాలని రాత్రి రెండింటిదాకా కూర్చుని చదివిన వాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు! అదే చేత్తో వాళ్ళు రంగనాయకమ్మ గారినీ చదివారు, వాసిరెడ్డి సీతాదేవి గారినీ చదివారు. వాళ్ళని చిన్నబుచ్చి, ఇప్పుడేమో "ఆడవాళ్ళు పుస్తకాలు చదవడం మానేశారు" అని బాధపడితే ఏం లాభం?

అందుకే ఎవరైనా ఏం చదవమంటావని అడిగితే నేను అవార్డుల జాబితా తియ్యను. అడిగిన మనిషిని చూస్తాను. ఎప్పుడు చదువుతుంది, ఎంతసేపు కూర్చోగలదు, ఏం చూసి నవ్వుతుంది, దేనికి భయపడుతుంది. పుస్తకాన్ని కషాయంలా "నీకు మంచిదమ్మా, తాగు" అని ఇవ్వకూడదు.

ఇడ్లీలు అయ్యాక అలమర ముందు కూర్చున్నాను. మొదట తీసింది సోమరాజు సుశీల గారి 'ఇల్లేరమ్మ కథలు'. ఇది కొత్తదేం కాదు, అయినా నవ్వుతో మొదలవ్వాలి అనుకున్నాను. కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసి, హైదరాబాదులో చిన్న పరిశ్రమ నడిపిన మనిషి, తన చిన్ననాటి సంగతులు ఒక గడుసుపిల్ల గొంతుతో చెప్పుకుపోతుంది. ఇంట్లో కాలు నిలవని పిల్ల, చెల్లెళ్ళు, చుట్టాలు, ఊళ్ళు మారడాలు. ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు, వరుస అక్కర్లేదు. కాలు చాపుకుని కూర్చున్న మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? ఇది నచ్చితే ఆవిడదే 'చిన్న పరిశ్రమలు పెద్ద కథలు' కూడా ఇస్తాను. ఫ్యాక్టరీ, కరెంటు, అప్పులు, ఆఫీసర్ల చుట్టూ తిరగడాలు, ఇవన్నీ ఒక ఆడమనిషి వైపు నుంచి ఇంత సరదాగా రాసినవి తెలుగులో నేను ఇంకెక్కడా చదవలేదు. అన్నయ్య కూడా చదువుతాడేమో.

రెండోది పి. సత్యవతి గారి కథలు. 'ఇల్లలకగానే' దగ్గర కాగితం ముక్క పెట్టాను. ఇల్లు అద్దంలా అలికి, ముగ్గులేసి, అందరి మెప్పూ పొందిన ఇల్లాలికి ఒకరోజు తన పేరు గుర్తు రాదు. పనమ్మాయిని అడుగుతుంది, ఇరుగుపొరుగుని అడుగుతుంది, ఎవరికీ తెలీదు. వాళ్ళకి ఆవిడ అమ్మగారు, ఫలానా వారి భార్య, అంతే. సర్టిఫికెట్ల కోసం పుట్టింటికి బయలుదేరుతుంది. తర్వాతది చెప్పను. నాకు ఆ కథలో నచ్చింది కోపం లేకపోవడం. ఎక్కడా గొంతు పెంచదు, మొగుణ్ణి రాక్షసుణ్ణి చెయ్యదు, చదువుతున్నంతసేపూ నవ్వొస్తూనే ఉంటుంది, పుస్తకం మూసేశాకే మన ఇంట్లో ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారో లెక్కపెట్టుకోవడం మొదలవుతుంది. 'ఒక హిజ్రా ఆత్మకథ' కూడా సత్యవతి గారి అనువాదమే, ఎ. రేవతి ఆత్మకథ, దానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. అది ఇప్పుడే పంపను. వదిన మొదట సత్యవతి గారి వాక్యానికి అలవాటు పడాలి.

మూడోది ఓల్గా 'విముక్త'. ఇక్కడ కాస్త ఆలోచించాను, ఎందుకంటే వదిన రోజూ రామకోటి రాస్తుంది. సీతమ్మ గురించి ఎవరేమన్నా ఊరుకోదు. కానీ అందుకే ఇవ్వాలనిపించింది. 'సమాగమం' కథలో లవకుశులు అడవిలోంచి ఆలస్యంగా వచ్చి, ఒక అందమైన తోట చూశామని, ఆ తోటలో ముక్కూ చెవులూ లేని కురూపి ఉందని చెప్తారు. అందం గురించి అలా మాట్లాడినందుకు సీత నొచ్చుకుంటుంది, పిల్లల్ని మందలిస్తుంది. ఆ తోట ఎవరిదో ఆవిడకి అర్థమవుతుంది. శూర్పణఖ. ఇద్దరూ కలుసుకుంటారు. ఆ అవమానం తర్వాత ఎంతకాలం పగతో రగిలిపోయిందో, ఎలా బయటపడిందో, మట్టి, నీళ్ళు, మొక్కలు తన చేతులకి ఏం నేర్పాయో శూర్పణఖ చెప్తుంటే సీత వింటుంది. ఒక మగవాడి ఆటలో ఇద్దరూ దెబ్బతిన్నవాళ్ళే కదా అని మనకి తోస్తుంది. సీత మీద గౌరవం పెరుగుతుందే గానీ తగ్గదు. వదిన కోప్పడితే కోప్పడనీ, చదివి కోప్పడాలి, అదే నాకు కావలసింది. ఇందులో అహల్య, రేణుక, ఊర్మిళ కూడా ఉన్నారు, చివరికి రాముడి వైపు నుంచి కూడా ఒక కథ ఉంది. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

పదకొండింటికి మేనకోడలు బెంగుళూరు నుంచి ఫోన్. అమ్మకి పుస్తకాలు పంపుతున్నానని తెలిసింది. "అత్తా, నాకు కూడా చెప్పు, కానీ నాకు తెలుగు మెల్లగా వస్తుంది తెలుసుగా, ఒక పేజీకి అరగంట పడుతుంది" అంది. ఇంగ్లీషు మీడియం చదువు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. ఏమిటి, ఆ పిల్లకి ఆరువందల పేజీల నవల చెప్పనా?

ముందు నువ్వున్న కర్ణాటకతోనే మొదలుపెట్టు అన్నాను. హాసన్‌కి చెందిన బాను ముష్తాక్ కన్నడ కథలు, దీపా భాస్తి ఇంగ్లీషులోకి తెచ్చిన 'హార్ట్ ల్యాంప్', 2025లో ఇంటర్నేషనల్ బుకర్ గెలిచింది. పన్నెండు కథలు. కన్నడకి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి, కథల సంపుటికి రావడం కూడా మొదటిసారే. లాయరుగా, ఉద్యమకారిణిగా కర్ణాటక ముస్లిం ఆడవాళ్ళ మధ్య బతికిన మనిషి రాసింది కాబట్టి గడప లోపలి సంగతులు గడప లోపలి నుంచే వస్తాయి. మొదటి కథలో భార్య షాయిస్తా అంటే పడి చచ్చే ఇఫ్తికార్ ఉంటాడు, నీకోసం మహల్ కట్టిస్తానంటాడు. ఆవిడ పోయాక ఎంత తొందరగా ఇంకో పెళ్ళి చేసుకుంటాడో చూడాలి. ఆ ప్రేమ మాటలు వింటున్నప్పుడే మనకి ఏదో తేడా కొడుతుంది. "మా ఆఫీసులో ఒకాయన ఇలాగే మాట్లాడతాడత్తా" అంది అది. ఇంకా చదవకముందే కథలోకి వెళ్ళిపోయింది. 'విముక్త' కూడా ఇంగ్లీషులో 'ది లిబరేషన్ ఆఫ్ సీత'గా ఉంది, అమ్మ తెలుగులో చదువుతుంది, నువ్వు ఇంగ్లీషులో చదువు, ఆదివారం ఫోన్లో ఇద్దరూ పోట్లాడుకోండి అని చెప్పాను.

కానీ ఆ పిల్ల తెలుగు కూడా చదవాలని నా పట్టుదల. అందుకే ఎండపల్లి భారతి గారి 'ఎదారి బతుకులు' చెప్పాను. ఈ పుస్తకం గురించి ఎంత మాట్లాడినా నాకు తనివి తీరదు. ఉమ్మడి చిత్తూరు జిల్లా మదనపల్లె వైపు పల్లె, కూలి పనులు చేసుకునే దళిత కుటుంబం, బడి చదువు తక్కువే. మహిళా సంఘాల పత్రిక 'నవోదయం'లో విలేకరిగా పనిచేస్తూ రాయడం మొదలుపెట్టారు. ఒక్కో కథ రెండు మూడు పేజీలు. ఆవు, మేక, తాగొచ్చిన మొగుడు, కూలి దొరకని రోజు, అత్తాకోడళ్ళ మాటామాటా. అంతా ఆ ఊరి మాటలోనే, ఎక్కడా పుస్తకభాష కలవలేదు. మొదటి పేజీ కృష్ణా జిల్లా వాళ్ళకి కాస్త అడ్డం పడుతుంది, పైకి చదివితే మాత్రం గబుక్కున దారికొస్తుంది. నేను అలాగే చదివాను, వంటింట్లో గట్టిగా చదువుతుంటే పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీంచి "ఎవరమ్మా వచ్చింది మీ ఇంటికి, సీమ మాట వినపడుతోంది" అని అడిగారు.

పేదరికం రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ పేదవాళ్ళని చూసి జాలిపడమని అడగని రచన చాలా తక్కువ. భారతి గారి మనుషులు ఏడుస్తారు, తిట్టుకుంటారు, అంతలోనే పగలబడి నవ్వుతారు, మనల్ని పట్టించుకోరు. అలా పట్టించుకోకపోవడమే నన్ను ఆ పుస్తకానికి కట్టేసింది. తెలుగు మెల్లగా చదివే పిల్లకి కూడా ఇది సరిపోతుంది, ఆఫీసు బస్సులో రోజుకొక కథ అయిపోతుంది.

ఇంకా అడిగింది కాబట్టి, తన వయసు వాళ్ళు రాసినవి రెండు చెప్పాను. మానస ఎండ్లూరి 'మిళింద', 2020 సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చిన కథలు. రమేష్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో', నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గోర్ బంజారా కథలు, 2024 యువ పురస్కారం. రెండోది రాసింది మగవాడే, అయినా తండా ఆడవాళ్ళని అంత దగ్గరగా చూసినవాణ్ణి పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక పుస్తకం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి'. వదినకి ఇవ్వనా వద్దా? ఏడుపుగొట్టువి వద్దంది. కోటేశ్వరమ్మ గారిది పామర్రు, గుడివాడ నుంచి ఎంత దూరమని! బాల్యంలోనే పెళ్ళి, వైధవ్యం, కొండపల్లి సీతారామయ్య గారితో మళ్ళీ పెళ్ళి, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం, తర్వాత ఆయన వదిలి వెళ్ళడం, నడివయసులో మళ్ళీ చదువుకుని కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా ఉద్యోగం, పిల్లలిద్దర్నీ పోగొట్టుకోవడం. ఇంత బతుకునీ తొంభై దాటాక 2012లో పుస్తకంగా ఇచ్చారు. కథ చెప్తే ఏడుపే. కానీ చదివితే ఏడుపు రాదు, వెన్ను నిటారవుతుంది. సూటిగా, పొదుపుగా, ఎవరి మీదా బురద చల్లకుండా చెప్పుకుంటూ పోతారు. సీతారామయ్య గారి గురించి కూడా ఎంత నిగ్రహంగా రాశారో!

పంపాలనే నిర్ణయించాను. దానికి జతగా మల్లు స్వరాజ్యం గారి 'నా గొంతే తుపాకి తూట' కూడా పెట్టాను, తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన మనిషి తన నోటితో చెప్పుకున్న జీవితం. ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి చదవాలి. ఒకరిది కృష్ణా జిల్లా, ఇంకొకరిది నల్లగొండ వైపు, ఒకే పార్టీ, ఒకే కాలం, కానీ గొంతులు ఎంత వేరు! స్వరాజ్యం గారి మాట ఎప్పుడూ సభలో నిలబడి చెప్తున్నట్టు ఉంటుంది, కోటేశ్వరమ్మ గారిది మన పక్కన కూర్చుని.

అన్నయ్య అయిదింటికి వచ్చాడు. టీ తాగుతూ "నాకేం లేదా" అన్నాడు. బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' ఇచ్చాను, రాయలసీమ పాలెగాళ్ళ కాలం, అన్నయ్యకి చరిత్ర అంటే ప్రాణం. "పెద్దదే" అని లావు చూసి భయపడ్డాడు. పది పేజీలు చదువు, తర్వాత నన్ను తిట్టు అన్నాను.

రాత్రి మేనకోడలు మెసేజ్ పెట్టింది, బాను ముష్తాక్ పుస్తకం ఆర్డర్ పెట్టేసిందట, జనవరిలో బెజవాడ పుస్తకాల పండగకి సెలవు పెట్టుకుని వస్తుందట. అప్పటికి భారతి గారి 'బతుకీత', 'జాలారిపూలు' కూడా తీసి ఉంచాలి, నా దగ్గరున్న కాపీలు ఎవరో పట్టుకెళ్ళి ఇవ్వలేదు. సోమవారం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఏలూరు రోడ్డులో దిగి అడుగుతాను.