అనంతగిరి ఘాట్ నుంచి వంజంగి మేఘాల దాకా

అరకు వైపు వెళ్లే వాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒకటే. ఎన్ని చోట్లు చూడాలని కాదు, ఏ వేళకు ఎక్కడ ఉండాలో చూసుకోండి. నవంబర్‌లో ఒక శని, ఆదివారాలు స్నేహితులం నలుగురం విశాఖ నుంచి కారులో వెళ్లినప్పుడు మా ప్లాన్ అంతా అలాగే వేసుకున్నాం.

తెల్లవారకముందే బయల్దేరి శృంగవరపుకోటలో ఇడ్లీ తిని, పెట్రోలు ట్యాంకు నింపుకున్నాం. కాస్త దూరం పోగానే ఘాట్ మొదలవుతుంది. మాలో ఒకడికి మలుపులంటే కడుపులో తిప్పుతుంది. వాణ్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, అద్దం దించి, చేతికి నిమ్మకాయ ఇచ్చాం. దూరంగా రోడ్డు కనబడుతుంటే వికారం బాగా తగ్గుతుంది. మలుపు మలుపుకీ హారన్ కొట్టుకుంటూ, రెండో గేరు, మూడో గేరులోనే ఎక్కాం. ఘాట్‌లో ఎక్కే బండికే ముందు దారివ్వాలి. దిగే వాళ్లు చాలామంది ఈ రూలు పట్టించుకోరు, అందుకే ఎదురుగా బస్సు వస్తే మేమే ఆగిపోయాం.

అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. కాఫీ పళ్లు అప్పుడే ఎర్రబడుతున్నాయి. ఈ అరకు అరబికా రకం కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది.

బొర్రా గుహలకు జనం రాకముందే చేరుకున్నాం. సున్నపురాయిని గోస్తనీ నది నీళ్లు తొలిచిన గుహలివి. పైకప్పు నుంచి జారే ఒక్కో చుక్కా వదిలిన సున్నం పేరుకుని స్తంభాలైంది. ఆ గుహల మీదుగానే కిరండూల్ రైలు మార్గం పోతుంది! అక్కడి నుంచి కటికి జలపాతానికి జీపు మాట్లాడుకున్నాం. ఆ రాళ్ల బాటలో మన కారు తీసుకెళ్లొద్దు. చివర కొంత దూరం నడవాలి. నీళ్ల దగ్గర రాళ్లకు పాచి పట్టి ఉంది, చెప్పులు మాత్రం గట్టివి వేసుకోండి.

కింద బొంగు చికెన్ వేయించుకున్నాం. మసాలా పట్టించిన ముక్కలు పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ ఉంటారు. నూనె చుక్క ఉండదు. బొంగు పైన నల్లగా మాడుతుంటే లోపల ముక్క వెదురులోని తేమకే ఉడుకుతుంది. చీల్చి విస్తరాకులో కుమ్మరించాక నలుగురం మాట్లాడుకోలేదు.

చాలామంది రాత్రి అరకులో పడుకుని, పొద్దున్నే మేఘాలు చూసే వంజంగి కొండకు అర్ధరాత్రి బయల్దేరతారు. మేము దారి పొడవునా పసుపు పచ్చని వలిసె పూలు చూసుకుంటూ వెలుతురు ఉండగానే పాడేరు చేరి, అక్కడే పడుకున్నాం. నా లెక్కలో ఇదే తెలివైన పని. నిద్ర చాలుతుంది, వంజంగి పక్కనే.

చీకట్లో టార్చ్ వేసుకుని కొండ ఎక్కుతుంటే, టీ అమ్ముతున్న ఒకామె "తొందరపడకండి బాబూ, ఎండెక్కే దాకా మబ్బు ఎక్కడికీ పోదు" అంది. నిజమే. రాత్రి చల్లబడ్డ గాలి లోయలోకి దిగి, అందులోని తేమ మంచుగా మారి అక్కడే నిలిచిపోతుంది; పైన ఆకాశం తేటగా ఉంటుంది. పొద్దు పొడిచే సరికి మా కాళ్ల కింద అంతా తెల్లటి మేఘాలు, వాటిలోంచి కొండ శిఖరాలు మాత్రమే పైకి కనబడ్డాయి. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా ఎవరికీ కదలబుద్ధి కాలేదు.

కొత్తపల్లి జలపాతం వదిలేశాం. అది కలిపితే పాడేరు ఘాట్ చీకట్లో దిగాల్సి వచ్చేది. పగలే, ఎక్కిన గేరులోనే దిగాం. బ్రేకు అదే పనిగా తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతుంది. ముందున్న కారు చక్రాల నుంచి కాలిన వాసన వస్తుంటే వాళ్లను ఆపి, చల్లారాక బయల్దేరమని చెప్పాం. మాడుగులలో హల్వా కట్టించుకుని, చోడవరం మీదుగా వెలుతురు ఉండగానే విశాఖ చేరాం.